బొంబాయిలో మొలిచిన ఉగాది సంచిక
(దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి జీవితం)

ఏటా ఉగాదికి ఒక సంచిక వెలువరించడం మన సంఘంలో ఆనవాయితీ. పచ్చడి పంచినట్లే పుస్తకమూ పంచుతాం. ఈ ఆచారం ఎక్కడ పుట్టిందని మనలో చాలమంది విచారించి ఉండరు. తెలుగునాట ఏ రాజమండ్రిలోనో బెజవాడలోనో పుట్టి, అక్కడి నుండి మన వెంట వచ్చిందని అనుకుంటాం. నిజానికి తెలుగు పత్రికలలో పేరుగన్న ఉగాది సంచిక మనం కాపురముంటున్న ఈ బొంబాయి నగరంలోనే పుట్టింది. దానిని 1910లో, సాధారణ నామ సంవత్సరాదికి, వెలువరించినవారు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. పొట్టపోసుకొనడానికి ఊరు విడిచి వచ్చిన తెలుగువారిలో వారూ ఒకరు. అందుచేత ఈ ఏటి సంచికలో వారి చరిత్రను స్మరించుకోవడం మా విధి అని తలచాము.

స్మరించడానికి మరొక కారణం కూడా ఉంది. అది చివర మనవి చేస్తాము.

పంతులుగారు 1867 మే 1వ తేదీన కృష్ణా జిల్లా ఎలకుర్రు గ్రామంలో జన్మించారు. అది ప్రభవ నామ సంవత్సరం, అరవై ఏండ్ల చక్రంలో మొదటిది. తండ్రి బుచ్చయ్యగారు, తల్లి శ్యామలాంబగారు. సామాన్యమైన వైదిక కుటుంబం. బందరులో చదువు సాగించి, తర్వాత చెన్నపట్టణం వెళ్లి క్రైస్తవ కళాశాలలో చేరి 1891లో పట్టభద్రులయ్యారు. విద్యార్థిగా ఉన్న రోజులలో వీరేశలింగం పంతులుగారి వివేకవర్ధని చదివేవారు. ఒక పత్రిక మనిషి మనస్సును ఎంతగా కదిలించగలదో వారికి మొదట తెలిసింది ఆ పత్రిక ద్వారానే.

ఆ కాలంలో బి.ఏ. ప్యాసైన తెలుగు యువకునికి ఎదుట ఉన్న దారులు రెండే: సర్కారు కొలువు, వకీలు పని. పంతులుగారు రెండూ పట్టలేదు. వ్యాపారం చేయాలని బయలుదేరి, కలకత్తాలో కొంతకాలం మందుల వ్యాపారపు మెలకువలు నేర్చుకొని, తుదకు బొంబాయి చేరారు. ఇక్కడ కొన్నాళ్లు ఉద్యోగం చేసి, 1893లో తలనొప్పికీ ఒంటినొప్పులకూ ఒక లేపనం తయారుచేసి అమ్మడం మొదలుపెట్టారు. అదే అమృతాంజనం. సంగీత సభలు జరిగే చోట ఆ పసుపుపచ్చని మందును శ్రోతలకు ఉచితంగా పంచేవారట. రాత్రి ప్రొద్దుపోయేవరకు కచేరీ విన్నవానికి తలనొప్పి రాక తప్పదు. మందు గుణం అక్కడికక్కడే తెలుస్తుంది. ఊరు కాని ఊరిలో, భాష కాని భాషలో, వారు ఈ విధంగా నిలదొక్కుకున్నారు. ఇక్కడి బజారులలో మన పెద్దలు పడిన పాట్లు ఎరిగినవారికి ఆ నిలదొక్కుకోవడంలో ఎంత శ్రమ ఉన్నదో వేరే చెప్పనక్కరలేదు.

బొంబాయిలో తెలుగువారు అప్పటికే తక్కువ మంది కారు. నైజాం రాజ్యం నుండి వచ్చి కట్టడాలలో రాళ్లు మోసిన కామాఠీల పేరుతో కామాఠీపుర వెలసింది. నూలు మిల్లులు వచ్చిన తర్వాత పద్మశాలి కుటుంబాలు గుంపులుగా వచ్చి చేరాయి. ఇంతమంది తెలుగువారు ఉన్నా, వారం వారం చదువుకొనడానికి ఈ ఊరిలో అచ్చయ్యే తెలుగు పత్రిక లేదు. డబ్బు చేతికి వచ్చిన తర్వాత పంతులుగారి ఆలోచన ఈ లోటు మీదికి పోయింది.

1907లో సూరతులో జరిగిన కాంగ్రెసు మహాసభకు వారు వెళ్లారు. అతివాదులూ మితవాదులూ రెండుగా చీలిన సభ అది. దేశంలో ఇంత జరుగుతూ ఉంటే తెలుగువారికి తమ భాషలో ఆ సంగతులు చక్కగా తెలిపే పత్రిక ఉండాలని వారికి గట్టిగా తోచింది. మరుసటి ఏడు, 1908 సెప్టెంబరులో, ఆంధ్రపత్రిక వారపత్రికగా బొంబాయిలో వెలువడింది. ఆ ఏడు పత్రిక పెట్టడం సామాన్యమైన సాహసం కాదు. జూలైలోనే తిలక్ మహాశయునికి ఈ నగరంలో ఆరేండ్ల ప్రవాస శిక్ష పడింది. మిల్లు కార్మికులు ఆరు రోజులు సమ్మె కట్టారు. తెలుగుదేశంలో స్వరాజ్య పత్రిక నడిపిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు చెరసాల పాలయ్యారు. అటువంటి వేళ, తెలుగు అక్షరం కూర్చే మనిషి దొరకడమే కష్టమైన ఊరిలో, అమృతాంజనం మీద వచ్చిన లాభాన్ని తెచ్చి సీసపు అక్షరాలలో పోశారు.

ఉగాది సంచిక ఆ వారపత్రికకు పుట్టిన బిడ్డ. వార్తలు వారానికి పాతబడిపోతాయి. పాతబడని విషయాలు, అనగా చరిత్ర, శాసనాలు, కావ్య విమర్శ, విజ్ఞానశాస్త్రం, చిత్రకళ మొదలయినవి, ఏడాదికొకసారి ఒకచోట చేర్చి, దాచుకోదగిన గ్రంథంగా చందాదారుల చేతిలో పెట్టాలని వారి సంకల్పం. పండితులను బ్రతిమాలి వ్యాసాలు వ్రాయించారు, బొమ్మలు వేయించారు. తర్వాత తెలుగులో వచ్చిన ఉగాది సంచికలకూ, దీపావళి సంచికలకూ, మన సంఘాల సావనీర్లకూ అదే ఒరవడి అయింది. మనం ఇప్పుడు చేస్తున్నది ఆ ఒరవడి దిద్దుకోవడమే.

1914లో పంతులుగారు పత్రికను మద్రాసుకు తరలించి, ఏప్రిల్ 1వ తేదీ నుండి దినపత్రికగా నడిపారు. మొదటి ప్రపంచయుద్ధం కొన్ని నెలలలో రానే వచ్చింది. యుద్ధవార్తల కోసం ఊరూరా దినపత్రిక చదివేవారు పెరిగారు. రచ్చబండ మీద ఒకరు చదివితే పదిమంది వినడం ఆనాటి అలవాటు. జాతీయోద్యమంలో వారు ముందు నిలిచారు. ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు సంఘానికి అధ్యక్షులయ్యారు. ఉప్పు సత్యాగ్రహ కాలంలో జైలుకు వెళ్లారు. దేశోద్ధారక బిరుదం ప్రజలు వారికిచ్చినది. 1935లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ అని గౌరవించింది. 1937 నవంబరు 16న రాయలసీమ, కోస్తా నాయకులు ఆంధ్రరాష్ట్ర విషయమై ఒడంబడిక చేసుకొన్నది మైలాపూరులోని వారి ఇంటిలోనే. ఆ ఇంటి పేరు శ్రీబాగ్ కావడంచేత దానికి శ్రీబాగ్ ఒడంబడిక అని పేరు వచ్చింది. మైలాపూరులో వారి పేరిట ఉన్న తోటలో ఈనాటికీ సాయంకాలాలు పిల్లలు ఆడుకుంటారు. ఈ సంగతులు చాలమంది ఎరిగినవే కనుక ఇంతటితో విడిచి, తక్కువగా చెప్పుకొనే మాటకు వస్తాము.

1924 జనవరిలో పంతులుగారు భారతి అనే మాసపత్రిక స్థాపించారు. తెలుగులో పండితుల పత్రికలు అంతకు మునుపు లేకపోలేదు. కాని అవి పండితుల మధ్యనే తిరిగేవి. భారతి ఇళ్లలోకి వెళ్లింది. ఒక పుట మీద తామ్రశాసన పాఠం, మరొక పుట మీద కొత్త కవి గేయం, ఇంకొక చోట కథ, వెనుక గ్రంథ విమర్శ, ఇలా ఉండేది దాని కూర్పు. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు, మల్లంపల్లి సోమశేఖరశర్మగారు, చిలుకూరి నారాయణరావుగారు వంటి పరిశోధకులు వ్రాశారు. విశ్వనాథ, కృష్ణశాస్త్రి వంటి కవులు వ్రాశారు. మైసూరులో తెలుగు ఆచార్యులుగా ఉన్న రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి వంటివారు తెలుగుదేశం వెలుపల నుండి రచనలు పంపేవారు. ప్రవాసంలో ఉన్నవాడు కూడా భారతికి పరాయివాడు కాలేదు. దానిని పెట్టినవాడే ఒకప్పటి ప్రవాసి.

పాత గ్రంథాలను మళ్లీ అచ్చువేయడంలో పంతులుగారికి ఉన్న పట్టుదల గూర్చి కొంచెం విపులంగా చెప్పాలి. 1926లో ఆంధ్రగ్రంథమాల స్థాపించి, పాల్కురికి సోమనాథుని బసవపురాణాన్ని వేటూరివారి సంస్కరణతోను, పీఠికతోను ప్రకటించారు. వందల ఏండ్ల నాటి ద్విపదకావ్యం సామాన్య పాఠకుని చేతికి అందిందంటే దానికి కారణం ఆ ముద్రణ. సోమనాథునిదే పండితారాధ్య చరిత్ర చిలుకూరివారి పరిష్కరణతో, పంతులుగారు గతించిన మరుసటి ఏడు, 1939లో వెలువడింది. గ్రంథాలు చవక ధరకు ఇవ్వడం, పల్లెటూరి గ్రంథాలయాలకు ఉచితంగా పంపడం వారి పద్ధతి. పుస్తకం బీరువాలో ఉంటే నిధి, నలుగురి చేతిలో పడితే పంట అని వారి నడత చూచినవారికి తోచేది.

అంతకంటె పెద్ద పని విజ్ఞాన సర్వస్వం. ఇది కూడా మహారాష్ట్ర గాలి తగిలిన కథే. కొమర్రాజు వేంకట లక్ష్మణరావుగారు నాగపురంలో చదువుకొని, మరాఠీలో రచనలు చేసి, అక్కడ చూచిన పండిత పరిశ్రమను తెలుగులో నాటాలని తపించినవారు. ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం ఆరంభించి, అకారం దాటకముందే, 1923 జూలై 12న నలుబది ఆరేండ్ల వయస్సులో కన్నుమూశారు. మూడు సంపుటాలతో పని నిలిచిపోయింది. పంతులుగారు ఆ భారం తమ తలకెత్తుకొన్నారు. వచ్చిన సంపుటాలను ఉన్నవి ఉన్నట్లు తిరిగి అచ్చువేయడం తేలిక. వారు అలా చేయలేదు. పండితులను కూర్చి, పాత వ్యాసాలను సవరింపజేసి, కొత్తవి చేర్చి, 1930లలో మరల వెలువరించారు. ఎన్నో వేల రూపాయలు వెచ్చించారు. తిరిగి వచ్చేది కొంచెమే అని ఎరిగి వెచ్చించారు. ఆ పని కూడా పూర్తికాలేదు. బహుధాన్య ఉగాది వెళ్లిన కొద్దిరోజులకే, 1938 ఏప్రిల్ 11న, పంతులుగారు మద్రాసులో పరమపదించారు. అల్లుడు శివలెంక శంభుప్రసాదుగారు పత్రికలను సాగించారు. భారతి 1991 వరకు నడిచి ఆగిపోయింది. అరవై ఏడేండ్లు ఒక పండిత మాసపత్రిక బ్రతకడం ఏ భాషలోనయినా గొప్పే.

ఇక మా మనవి.

మన సంఘం గదిలో ఒక చెక్క బీరువా ఉంది. అందులో మన పెద్దలు చందాకట్టి తెప్పించుకొన్న భారతి సంచికలు, ఏటికొక బైండుగా, కొన్ని ఉన్నాయి. అన్ని ఏండ్లవీ లేవు. ఉన్నవాటిలో రెండు బైండ్లు ఒక వర్షాకాలంలో కిటికీ జల్లుకు తడిసి పలకలుగా అంటుకుపోయాయి. మిగిలినవి పుట తిప్పితే అంచు విరుగుతుంది. ఇది ఎవరి తప్పూ కాదు. కొయ్యగుజ్జుతో చేసి, పటిక కలిపి నునుపు పట్టించిన కాగితంలో పులుపు పుడుతుంది. అది లోలోపలే కాగితాన్ని కాల్చివేస్తుంది. మన సముద్రపు తేమ దానికి తోడు. పాత తాటాకు మూడువందల ఏండ్లు నిలుస్తుంది గాని ఆ కాగితం నూరేండ్లు నిలవడం గగనం.

వీటిలోని వ్యాసాలు ఏరి మన ఉగాది సంచికలో మళ్లీ అచ్చువేయాలని కొన్నేండ్ల క్రిందట సంకల్పించాము. మొదటి ప్రయత్నంలోనే మేము పొరపాటు చేశాము. దానిని దాచుకోదలచలేదు. ఒక శాసనం గూర్చిన పాత వ్యాసం ఏరాము. చదవడానికి అడ్డమని అరసున్నలు, బండి ఱలు తీసివేశాము. స్థలం చాలక అధస్సూచికలు తొలగించాము. అన్నిటికంటె పెద్ద తప్పు, అది ఏ సంవత్సరపు సంచికలోదో వేయడం మరచాము. శాసనపు రాయి ఫలానా గుడి ప్రాంగణంలో ఉన్నదని వ్యాసంలో ఉంది. మన సభ్యులలో ఒక పెద్దాయన అది చదివి, మనుమణ్ణి వెంటబెట్టుకొని, సెలవులలో ఆ ఊరు వెళ్లారు. రాయి అక్కడ లేదు. ఎన్నో ఏండ్ల క్రిందటనే మ్యూజియముకు తరలించారట. ఆయన తిరిగి వచ్చి మమ్మల్ని ఒక్క మాట అనలేదు. సంచిక తెచ్చి మా ముందు పెట్టి, ఆ పుట తెరిచి, ఊరక కూర్చున్నారు. మేము తలవంచుకొన్నాము.

అప్పటి నుండి పంతులుగారి పని తీరును కొత్త కన్నుతో చూడసాగాము. పాత అచ్చును మళ్లీ వేయడంలో వారు మూడు విధాలు ఎరిగినవారని మాకు తోచింది. కావ్యమయితే పండితునిచేత పాఠం పరిష్కరింపజేసి పీఠికతో ఇచ్చారు. సర్వస్వమయితే కాలానికి తగినట్లు సవరించి ఇచ్చారు. ఎందుకంటే దానిని జనం నేటి నిజం తెలుసుకొనడానికి చూస్తారు. పత్రిక ఈ రెండింటిలోనూ చేరదు. అది తన తేదీతో పుట్టిన వస్తువు. ఆ నెలకు ఆ పండితునికి తెలిసినది అందులో ఉంటుంది. మరుసటి నెల మరొకరు దానిని ఖండించి ఉంటారు. ఆ మీదటి నెల మొదటాయన జవాబు చెప్పి ఉంటారు. ఒక్క వ్యాసం విడదీసి వేస్తే వాదంలో ఒక గొంతు మాత్రమే వినబడుతుంది. అందుచేత పత్రికా వ్యాసాన్ని సవరించకూడదు, తేదీ తీయకూడదు, జవాబులతో సహా ఇవ్వాలి, నేటి మాట ఏదయినా ఉంటే క్రింద వేరుగా వ్రాయాలి. ఇవి పెద్ద శాస్త్రసూత్రాలు కావు, దెబ్బతిని నేర్చుకొన్నవి.

కొందరు మిత్రులు అడుగుతారు, ఇప్పుడు ఇవన్నీ కంప్యూటరులో చూచుకోవచ్చును గదా అని. నిజమే. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీవారు ఆంధ్రపత్రిక, భారతి మొదలయిన పాత పత్రికలను స్కాన్ చేయించడం గొప్ప ఉపకారం. అది లేకపోతే మా బీరువాలోని ఖాళీలు ఎన్నటికీ నిండవు. అయినా స్కాన్ చేసిన పుట అంటే బొమ్మ. ఏ వ్యాసం ఎక్కడుందో ఎరిగినవానికే అది దొరుకుతుంది. బొమ్మను అక్షరాలుగా మార్చే యంత్రం పాత తెలుగు అచ్చులో ఒత్తుల దగ్గర తడబడుతుంది, అరసున్నను మరకగా చూస్తుంది. మనిషి కూర్చుని ప్రూఫు దిద్దక తప్పదు. విషయసూచిక కట్టక తప్పదు. అసలు కొరత అక్కడ ఉంది. ఆ పనికి యంత్రం కాదు, తీరిక గల తెలుగు కళ్లు కావాలి.

హక్కుల సంగతి కూడా చూడాలి. మన దేశపు చట్టం ప్రకారం రచయిత మరణించిన మరుసటి ఏటి నుండి అరవై ఏండ్లు హక్కు వారసులది. వేటూరివారు 1950లోను, మల్లంపల్లివారు 1963లోను గతించారు; వారి వ్యాసాలు ఎవరయినా అచ్చువేయవచ్చు. రాళ్లపల్లివారు 1979లో గతించారు కనుక 2039 చివరి వరకు వారి కుటుంబం అనుమతి కావాలి. అడిగి అచ్చువేయడం మర్యాద కూడాను.

ఇంత శ్రమ ఎవరి కోసమని మరొక ప్రశ్న. మన పిల్లలలో తెలుగు చదవగలిగినవారు తగ్గుతున్నారు. ఇంటిలో మాట్లాడతారు, అక్షరం దగ్గర ఆగిపోతారు. ఈ వేదన మాకు లేదనుకోవద్దు. కార్యవర్గ సభలో ఈ మాట మీదనే రెండు గంటలు వాదులాడుకొన్నాము. గది మరమ్మతుకు ఖాళీ చేయవలసి ఉన్నందున బీరువా తీసివేయాలని కొందరు, తీస్తే ఇంక తిరిగి రాదని కొందరు. తుదకు మేము గుర్తు చేసుకొన్నది 1908 సంవత్సరాన్నే. ఆనాడు ఈ నగరంలో మిల్లులో పనిచేసే తెలుగువానికి అక్షరం వచ్చిందా? నూటికి ఎందరికి వచ్చింది? పాఠకులు తయారయ్యేవరకు ఆగుదామని పంతులుగారు అనుకొని ఉంటే ఆంధ్రపత్రికా ఉండేది కాదు, ఉగాది సంచికా ఉండేది కాదు. పత్రిక వచ్చిన తర్వాతనే దాని పాఠకులు తయారయ్యారు.

కనుక బీరువా ఉంటుంది. ఈ ఏటి నుండి సంచికలో ఒక భాగం పాత భారతి వ్యాసాలకు కేటాయించాము. వ్యాసం వెలువడిన నెల, సంవత్సరం పైన ఉంటాయి. అరసున్నలు, ఱలు ఉన్నవి ఉన్నట్లే ఉంటాయి. మొదట ఒక పుటలో వాటిని చదివే విధం చెప్పాము. క్రింద మా టిప్పణి చిన్న అక్షరాలలో వేరుగా ఉంటుంది. మొదటి వ్యాసం ఆ శాసనం గూర్చినదే. ఈసారి దాని క్రింద రాయి ఏ మ్యూజియములో ఉన్నదో కూడా వేశాము. ప్రూఫు దిద్దినది ఎవరో కాదు, ఆనాడు మనుమణ్ణి వెంటబెట్టుకొని వెళ్లిన ఆ పెద్దాయనే.

ఇంటిలో అటకమీద పాత సంచికలు ఉన్నవారు, చినిగినవయినా సరే, పారవేయక మాకు చూపించ ప్రార్థన. ప్రూఫు చదవగలవారు ఆదివారం సాయంకాలాలలో సంఘం గదికి దయచేయవలెను. కాఫీ మా బాధ్యత. తలనొప్పి వస్తే పంతులుగారి మందు కూడా బల్లమీద ఉంచుతాము.

అందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు.